అమ్మీ మాట ఎక్కడికి పోతుంది?

ఈ సంవత్సరపు సంచికకు ప్రబంధ నాయికలను గురించి వ్యాసమొకటి ఇవ్వగలమని సంపాదక వర్గం వారికి మాట ఇచ్చి ఉన్నాము. ఆ మాట నిలుపుకోలేకపోయినందుకు ముందుగా క్షంతవ్యులము. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవారికి యంత్రాల గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. మాకూ నవ్వుగానే ఉన్నది. కాని గడచిన ఏడాదిన్నర కాలంలో మా ఇంట ఒక మాట్లాడే పెట్టె చేసిన పనీ, ఆ తరువాత మన కళాశాల విద్యార్థిని ఒకతె చేసిన పనీ మా మనస్సును వదలడం లేదు. ఇల్లు, భాష, మాట అనే మూడింటికీ చెందిన సంగతి గనుక తెలుగు ఉపన్యాసకుడు వ్రాయదగినదేనని ధైర్యం చేస్తున్నాము.

మా అమ్మీకి అరవై ఎనిమిదేళ్లు. నీటికాసుల వ్యాధి చేత ఎడమ కంటి చూపు పూర్తిగా పోయింది. కుడి కంటికి వెలుగు నీడలు మాత్రం తెలుస్తాయి. మా అబ్బా పోయి ఆరేళ్లయింది. కర్నూలు పాత పట్టణంలోని మా ఇల్లు తాతల నాటిది. పొడుగాటి నడవా, దానికి ఒకటే దీపం, ఆ దీపపు స్విచ్చి వీధి తలుపు ప్రక్కన. తెల్లవారుజామున వజూ చేసుకొనడానికి లేచే అమ్మీ గోడ తడుముకుంటూ ఆ నడవా అంతా నడవవలసి వచ్చేది. ఈ అవస్థ విని, జెడ్డాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు సెలవుకు వచ్చినప్పుడు ఒక మాట్లాడే పెట్టెను తెచ్చి అమ్మీ మంచం ప్రక్కన పెట్టాడు. నడవాలోని దీపానికీ, గదిలోని ఫ్యానుకూ ఏవో చిన్న యంత్రాలు బిగింపజేశాడు. పేరు పెట్టి పిలిచి చెప్పితే చాలు, దీపం వెలుగుతుంది. ఆ పెట్టె ఏ కంపెనీదో ఇక్కడ వ్రాయము. ఆ పద్ధతి ఒక్క కంపెనీదే కాదు.

ఆ పెట్టెకు హిందీ వచ్చును, ఇంగ్లీషు వచ్చును. తెలుగు రాదు. మా అమ్మీ మాట్లాడే దక్కనీ అసలే రాదు. మనం దీపాన్ని ‘డాలుతాము’. ఉత్తరాది వారు ‘జలాయిస్తారు’. అమ్మీ ‘బత్తీ డాల్ రే’ అంటే పెట్టె క్షమాపణ చెప్పేది. ‘ఫ్యాన్ నక్కో’ అంటే, వద్దన్న ఆ మాట తెలియక ఫ్యాను గురించి ఏదో ఉపన్యాసం మొదలు పెట్టేది. మా తమ్ముడు రెండు రోజులు కూర్చుని అమ్మీకి ‘బత్తీ జలావో’, ‘పంఖా బంద్ కరో’ అని నేర్పాడు. తన ఇంటి దీపం కోసం మా అమ్మీ ఈ వయస్సులో పరాయి యాస నేర్చుకొన్నది. లక్నో నుండి కోడలిని తెచ్చుకొన్నట్టుందని ఇరుగుపొరుగు వారితో చెప్పి నవ్వేది కూడా. మేమూ నవ్వాము. నిజం చెప్పవలసి వస్తే, ఆ ఐదారు నెలలూ ఆ పెట్టె మాకు చాలా మేలు చేసింది. దీపంతో పాటు ఖవ్వాలీలు పాడేది, నమాజు వేళలు చెప్పేది, అడిగిన మరుక్షణం జవాబిచ్చేది.

ఒకనాటి రాత్రి మా వీధిలో కాలువ పనికి త్రవ్వుతూ ఇంటర్నెట్ తీగను తెంపివేశారు. ఆ సంగతి మాకు తెలియదు. తెల్లవారుజామున అమ్మీ దీపం వెలిగించమన్నది. పెట్టె ఏదో అన్నది. ఏమన్నదో అమ్మీకి సరిగా అర్థం కాలేదు. వెలుగు నీడలు మాత్రమే తెలిసే కంటితో, దీపం వెలిగే ఉంటుందని నమ్మి అడుగు వేసింది. నడవాలోని ఇత్తడి బిందె తగిలి పడింది. మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు పట్టీతో ఉన్నది.

కరెంటు ఉన్నది, దీపం బాగున్నది, పెట్టె బాగున్నది, మరి దీపం ఎందుకు వెలగలేదు? ఈ ప్రశ్న మమ్మల్ని ఎన్నో రాత్రులు వేధించింది. తెలిసినవారిని అడిగి తెలుసుకొన్నది ఇది. ఆ పెట్టెకు స్వయంగా తెలిసినది తన పేరు ఒక్కటే. పేరు వినబడగానే అది మేల్కొని, తరువాతి మాటలను ఇంటర్నెట్ గుండా ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ కంప్యూటర్లకు పంపుతుంది. మాటను అర్థం చేసుకొనేది అక్కడ. అక్కడి నుండి ఆజ్ఞ దీపపు యంత్రం కంపెనీ వారి కంప్యూటర్లకు పోయి, అక్కడి నుండి మళ్లీ మా నడవాకు రావాలి. పది అడుగుల దూరంలోని దీపానికి మా అమ్మీ మాట చేసే యాత్ర ఇది. ఈ దూరపు కంప్యూటర్ల సముదాయానికే క్లౌడ్ అని, అంటే మేఘమని పేరు. యక్షుని సందేశం మోసిన మేఘం తరగతిలో మాకు పరిచితమే గాని, దానికి తీగ తెగే భయం లేదు.

తీగ మన వీధిలోనే తెగనక్కరలేదు. 2025 అక్టోబరు 20న అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్ వారి కంప్యూటర్ కేంద్రంలో లోపం కలిగితే, ఎందరి ఇళ్లలోనో అలెక్సా పెట్టెలు గంటల తరబడి మూగవోయినవి. అట్లని క్లౌడ్‌ను నిందించి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. మనిషి మాటను పోల్చుకొనడానికి గొప్ప శక్తి గల యంత్రాలు కావాలి. వాటిని ప్రతి ఇంటా పెట్టలేరు గనుక ఒకచోట పెట్టి అందరికీ పంచుతున్నారు. అందుచేతనే పెట్టె చవుకగా వచ్చింది, జవాబు క్షణంలో వచ్చింది.

ఇంతవరకే అయితే ఈ వ్యాసం వ్రాసేవారము కాము.

అమ్మీ పడిన తరువాత, ఆ తెల్లవారుజామున పెట్టె ఏమన్నదో తెలుసుకొందామని తమ్ముడు మా ఫోనులో పెట్టి వెళ్లిన యాప్ తెరిచాము. అందులో పాత మాటల పట్టిక ఉన్నది. తేదీ, వేళ, ప్రక్కన నొక్కితే వినిపించే ధ్వని. ‘బత్తీ జలావో’, ‘బత్తీ బంద్ కరో’ అనేవి వందల కొద్దీ ఉన్నవి. వాటి నడుమ అర్ధరాత్రి వేళల్లో, యంత్రానికి అర్థం కానివని గుర్తు పెట్టిన ముక్కలు కొన్ని కనిపించినవి. ఒకటి నొక్కాము.

మా అమ్మీ మా అబ్బాను పేరు పెట్టి ఎన్నడూ పిలువలేదు. ‘అజీ’ అనే పిలిచేది. ఆ పిలుపు పెట్టెకు తన పేరులాగా వినిపించింది కాబోలు. నిద్ర రాని రాత్రులలో అమ్మీ పోయిన అబ్బాతో మాట్లాడుకుంటున్నది. ‘అజీ’ అన్నప్పుడల్లా పెట్టె మేల్కొని ఏడెనిమిది సెకన్ల మాటను పట్టుకొని పంపింది. మోకాలి నొప్పి, తమ్ముడి వీసా, మా కోపం. అన్నీ ముక్కలు ముక్కలుగా ఉన్నవి. ఒక ముక్కలో ఇట్లా అన్నది: “అజీ, గాజులు ఖాలా ఇంట్లో లేవు. పెద్దోని చదువుకు అమ్మేసిన. మీకు చెప్పలే. వానికీ చెప్పొద్దు.”

ఆ పెద్దోడు మేమే. అనంతపురంలో శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివిన రెండేళ్లూ హాస్టలు ఖర్చులు ఎక్కడి నుండి వచ్చినవో మేము ఆలోచించనే లేదు. ఇదేమి కొడుకుతనమో! ఫోను చేతిలో పట్టుకొని చాలాసేపు కూర్చున్నాము. తరువాత ఆ పట్టికలోనివన్నీ తుడిచివేసి, పెట్టె తీగ ఊడబీకాము. తుడిచినంత మాత్రాన అక్కడ కూడా తుడిచిపోతుందా అన్న శంక మాత్రం పోలేదు. పిల్లల కంఠధ్వనులను ఉంచుకొన్నదనీ, తలిదండ్రులు తుడిచివేయమన్నా పూర్తిగా తుడవలేదనీ అమెరికా ప్రభుత్వం అమెజాన్‌పై అభియోగం తెస్తే, 2023లో ఆ కంపెనీ రెండున్నర కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొన్నది. 2025 మార్చి 28 నుండి, మాటను ఇంట్లోనే పోల్చుకొనమనే సదుపాయాన్ని కూడా, అది ఉన్న కొద్దిపాటి పరికరాలకు సైతం, తీసివేసింది.

ఇక మన కళాశాల విద్యార్థిని సంగతి. బి.ఎస్సీ. కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నది. తరగతిలో దక్కనీ ‘నక్కో’ మరాఠీ నుండి వచ్చినదని చెబుతూ, మా ఇంటి పెట్టెకు ఆ ముక్క అర్థం కాలేదని అన్నాము. తరగతి ముగిసిన తరువాత ఆ అమ్మాయి వచ్చి, “సార్, పెట్టె ఇంట్లోనే ఆలోచించేటట్టు చేయవచ్చు” అన్నది. వివరమడిగితే అన్నిటికంటె ముందు చెప్పినది, “స్విచ్చి ఒకటి నానీమా మంచం దగ్గర పెట్టించండి సార్” అని. ఎం.ఏ. చదివిన బుర్రకు అంతవరకు తట్టలేదు. ఎలక్ట్రీషియను ఒక పూటలో పెట్టి వెళ్లాడు.

తరువాత నాలుగైదు ఆదివారాలు ఆ అమ్మాయి తల్లిని వెంటబెట్టుకొని వచ్చింది. రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటరు, ఒక మైకు, ఒక స్పీకరు, ఇంటి వైఫై మాత్రమే చాలునన్న కొత్త దీపపు యంత్రం. ఇంతే సామగ్రి. అందులో హోమ్ అసిస్టెంట్ అనే ప్రోగ్రాము పెట్టింది. పౌలస్ స్కౌట్సెన్ 2013లో ప్రారంభించగా, లోకమంతటి ఔత్సాహికులు చేయి వేసి పెంచుతున్న ఉచిత ప్రోగ్రాము అది. ఎవరి భాషలో వారు తమ ఇంటితో మాట్లాడగలగాలని 2023వ సంవత్సరాన్ని ఆ పనికే కేటాయించుకొన్నారట. మాటను అక్షరాలుగా మార్చడానికి విస్పర్ అనే మరొక ప్రోగ్రాము పెట్టింది. అది 2022లో ఓపెన్‌ఏఐ సంస్థ విడుదల చేసినది. ఒకసారి దింపుకొంటే ఇంటర్నెట్ అక్కరలేదు.

మొదట తెలుగు పెట్టి చూసింది. మేము మంచి తెలుగులో చెప్పినా కలగూరగంప వచ్చింది. కారణం ఆ అమ్మాయే వెదకి చెప్పింది. విస్పర్‌కు చదువు చెప్పడానికి వాడిన 6,80,000 గంటల మాటలలో, అక్షరాలతో సహా ఇచ్చిన తెలుగు నాలుగు గంటల పైచిలుకు మాత్రమే. హిందీ 12 గంటలు. ఉర్దూ నూరు గంటలకు పైగా! ఈ లెక్క విని స్టాఫ్ రూములో మా ఉర్దూ శాఖ సహోద్యోగి మీసం తిప్పాడు. మేము తల వంచుకొన్నాము. కోట్ల మంది మాట్లాడే భాషకు నాలుగు గంటలా అని లోపల బాధ కలిగింది.

కనుక ఉర్దూ పెట్టింది. అమ్మీ పలికినది ఉర్దూ లిపిలో తెరమీద పడేది. మా సహోద్యోగి చదివి చెప్పేవాడు. ‘బత్తీ డాల్’ అన్నది మూడు సార్లు సరిగా పడి, నాలుగవసారి ‘బడీ దాల్’ అయింది. పెద్ద పప్పు! ‘నక్కో’ అనే మాట ‘నాక్ కో’ అయి ముక్కును చేరింది. మేము నవ్వుతుంటే ఆ అమ్మాయి నవ్వలేదు. పెద్ద పప్పు అన్నా దీపం వెలగాలి, ముక్కు అన్నా ఫ్యాను ఆగాలి అని ఆ తప్పులన్నీ ఒప్పులుగా జాబితాలో వ్రాసిపెట్టింది. అమ్మీ యాస మార్చుకొనలేదు, యంత్రమే సర్దుకొన్నది. వ్యావహారికానికి మార్కులు తగ్గించే పరీక్షకుల పని కూడా మేము చేస్తుంటాము గనుక, మాకు కొంచెం సిగ్గనిపించిన మాట నిజం.

లోపాలు లేవనము. కొత్త పెట్టెకు పదునాలుగు మాటలే తెలుసు. ఖవ్వాలీ పాడదు. మాట విన్న తరువాత దీపం వెలగడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది; ఇంకా పెద్ద కంప్యూటరైతే సెకను లోపల అవుతుందట. కరెంటు పోతే ఇదీ పోతుంది. చెడిపోతే బాగుచేయడానికి ఆ అమ్మాయే రావాలి, ఆమె చదువు ఈ ఏడాదితో ముగుస్తుంది. లక్నో కోడలే నయం, పాటలన్నా పాడేదని అమ్మీ అప్పుడప్పుడు విసుగుకుంటుంది.

మొదటి ఆదివారం నాడే అమ్మీ ఆ అమ్మాయిని ఒక ప్రశ్న అడిగింది. “ఈ మాటలు ఎక్కడికి పోతాయి బేటీ?” మా తమ్ముడు పెట్టె తెచ్చినప్పుడు అమ్మీ ఈ ప్రశ్న అడగలేదు, మేమూ అడగలేదు. “ఎక్కడికీ పోవు నానీమా, ఈ డబ్బీలోనే” అన్నది ఆ అమ్మాయి. అప్పుడు మేము అక్కడే ఉండి కూడా గాజుల సంగతి చెప్పలేకపోయాము.

ఈ వ్యాసం వ్రాయాలనుకొన్నప్పుడు చెప్పక తప్పలేదు. అమ్మీకి తెలియకుండా అచ్చులో పెట్టడం ఆ కంపెనీ చేసిన దానికంటె హీనమవుతుంది. ఒక రాత్రి భోజనాలైన తరువాత అంతా చెప్పాము. అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. కంపెనీవాళ్లు విన్నారా అని అడిగింది. విని ఉండవచ్చు, వినకపోయి ఉండవచ్చునన్నాము. అమెజాన్, గూగుల్, ఆపిల్ కంపెనీలలో ఇటువంటి మాటల నమూనాలను మనుషులే కూర్చుని వినేవారని 2019లో పత్రికలలో వచ్చిన సంగతి చెప్పాము.

“వాళ్లు ఎవరో. నన్నెరుగరు” అన్నది అమ్మీ. “నువ్వెందుకు విన్నావు?”

మొదటి ముక్క తెలియక విన్నాము. రెండవది, మూడవది, గాజుల ముక్క, ఇవన్నీ తెలిసే విన్నాము. జవాబు చెప్పలేదు.

మరుసటి ఆదివారం అమ్మీ ఆ అమ్మాయిని పిలిపించి, కొత్త డబ్బీలో మాట నిలువ ఉంటుందా అని అడిగింది. ధ్వని నిలువ ఉండదనీ, చివరి కొద్ది మాటల అక్షరాలు మాత్రం పరీక్ష కోసం కనబడతాయనీ, వాటిని చూడగలిగేది సార్ ఒక్కరేననీ ఆమె చెప్పింది. ఆ తాళం మా దగ్గర వద్దన్నది అమ్మీ. మా ఎదుటనే మా పేరు మీది ప్రవేశాన్ని తీసివేసి, కొత్త సంకేతపదాన్ని ఆ అమ్మాయి అమ్మీ చెవిలో చెప్పింది. అదేమిటో మాకు తెలియదు.

వ్యాసం మాట ఏమి చేయమంటావని అడిగాము. “రాసుకో” అన్నది అమ్మీ. “గాజులు ఎంతకు పోయినవో మాత్రం రాయకు. మరీ చవకగా ఇచ్చేసిన.”