న్యూ టౌన్‌లో చెట్ల వైద్యం

కలకత్తా మహానగరానికి ఈశాన్యంగా, సాల్ట్ లేక్‌కూ విమానాశ్రయానికీ చేరువలో, న్యూ టౌన్ అనే కొత్త పట్టణం విస్తరించి ఉన్నది. గత శతాబ్దం చివరి వరకు ఇది రాజార్‌హాట్ ప్రాంతపు వరిచేలు, చేపల చెరువులు గల పల్లపు నేల. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 1999లో నెలకొల్పిన హిడ్కో సంస్థ ఇక్కడ పట్టణ నిర్మాణానికి పూనుకొన్నది. నేడు ఇక్కడ విశాలమైన రాజమార్గాలు, ఎత్తైన మేడలు, 2012లో ప్రారంభమైన 480 ఎకరాల ఎకో పార్కు కలవు. బిశ్వ బాంగ్లా తోరణం నిలిచిన కూడలి పేరు నారికేల్‌బాగాన్, అనగా కొబ్బరితోట. పల్లె పోయినా చెట్టు పేరు మిగిలింది.

కొత్త పట్టణానికి నీడ కూడా కొత్తగానే సమకూర్చుకోవాలి. బాటల పక్కన నాటిన మొక్కలు ఇరవై ఏళ్ళలో మానులైనవి. నాటడం ఒక్కనాటి పండుగ. పెంచడం ఏళ్ళ తరబడి సాగే పని. ఆ పనిలో అందరి కంటా పడేది నీళ్ళు పోసే తోటమాలి. అంతగా కంట పడనివాడు, ఏ కొమ్మ ఉండాలో ఏది పోవాలో చూసి రంపం పట్టేవాడు.

అతని విలువ 2020 మే నెలలో నగరమంతటికీ తెలిసివచ్చింది. ఆ నెల 20వ తేదీ సాయంకాలం అంఫన్ తుపాను బెంగాల్ తీరాన్ని దాటింది. న్యూ టౌన్‌కు సమీపంలోని డమ్ డమ్‌లో గాలివేగం గంటకు 130 కిలోమీటర్లను మించింది. తెల్లవారేసరికి కలకత్తాలో వేలాది చెట్లు బాటలకు అడ్డంగా, విద్యుత్తు తీగల మీదా పడి ఉన్నవి. కోవిడ్ కట్టడి వలన పనివారు స్వస్థలాలకు వెళ్ళిపోయిన రోజులవి. మే 23న సైన్యాన్ని పిలిపించవలసి వచ్చింది. సైనిక దళాలు పనిచేసిన చోట్లలో రాజార్‌హాట్–న్యూ టౌన్ ఒకటి. జాతీయ విపత్తు దళమూ, తుపానులతో చిరకాల పరిచయం గల ఒడిశా నుండి వచ్చిన బృందాలూ గొలుసు రంపాలతో మానులను ముక్కలు చేసి దారులు తెరిచినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దెబ్బ తిన్న విశాఖపట్నం వాసులకు ఈ దృశ్యం వేరుగా వర్ణించి చెప్పనక్కర లేదు.

చెట్లు అంతగా ఎందుకు కూలినవి? దోషం గాలిదే కాదు. నీరు పైపైనే ఉండే పల్లపు నేలలో వేళ్ళు లోతుకు దిగవు. కాలిబాట కాంక్రీటు వాటిని ఒకవైపు నొక్కుతుంది. కాలువల కొరకు, తీగల కొరకు తవ్వే గోతులు మరొకవైపు తెగగొడతవి. పైన మాత్రం కొమ్మలు గొడుగువలె విస్తరిస్తవి. బెంగాలీలు కృష్ణచూడ అని పిలిచే మన తురాయి వంటి చెట్లకు వేసవిలో ఎర్రని పూల సొగసు ఎంతో, గాలికి విరిగే గుణమూ అంతే.

ఈ కొమ్మలను కోసే గొలుసు రంపానికి విచిత్రమైన పూర్వచరిత్ర ఉన్నది. 1830 ప్రాంతంలో జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ హైనె అనే వైద్యుడు గొలుసుకు పళ్ళు అమర్చి, చేతితో తిప్పే పరికరాన్ని తయారుచేశాడు. అది కోసినది కొయ్యను కాదు, ఎముకను. దాదాపు నూరేళ్ళ తరువాత, 1920లలో, అదే దేశంలో ఆండ్రియాస్ ష్టీల్ విద్యుత్తుతోనూ, పెట్రోలుతోనూ నడిచే చెట్ల రంపాలు నిర్మించాడు. ఆ విధంగా శస్త్రచికిత్సలో పుట్టిన ఆలోచన, చెట్ల శస్త్రచికిత్సకు చేరుకొన్నది.

నేటి యంత్రంలో గొలుసు సెకనుకు ఇరవై మీటర్ల వరకు పరుగెత్తుతుంది. పట్టినవాని దినచర్య మాత్రం నెమ్మదిగానే మొదలవుతుంది. పెట్రోలులో కొలత ప్రకారం నూనె కలపాలి. గొలుసు బిగువు చూడాలి. గుండ్రని ఆకురాయితో ఒక్కొక్క పన్నునూ పదును పెట్టాలి. పదునున్న రంపం తునకలు చిమ్ముతుంది. మొద్దుబారినది పిండి రాలుస్తుంది. ఆ పిండి కనిపించగానే అనుభవజ్ఞుడు యంత్రం ఆపుతాడు. తలకు శిరస్త్రాణం, చెవులకు మూతలు, కంటికి అద్దాలు, గొలుసు తగిలితే దానిని చిక్కువేసి ఆపే నారలు గల లాగు అతని కవచాలు. ఎండకు, ఉక్కకు తాళలేక వీటిని పక్కన పెట్టి చెట్టెక్కేవారు మన దేశంలో తక్కువేమీ కాదు.

అపాయం మూడు వైపుల నుండి వస్తుంది. రంపం కొన పైభాగం దేనికైనా తగిలితే యంత్రం క్షణంలో వెనక్కు, పట్టినవాని ముఖం మీదికి ఎగురుతుంది. కొమ్మల చాటున తీగలో విద్యుత్తు ఉండవచ్చు. మూడవది తుపానులో పడిన చెట్టులోనే దాగి ఉన్నది. వంగి బిగుసుకొన్న కొమ్మ, లాగిన విల్లు వంటిది. తెగగానే విదిలించి కొడుతుంది. వేళ్ళతో సహా పెకలిన చెట్టు మాను కోస్తే, బరువు తీరిన మొదలు మట్టిముద్దతో సహా తిరిగి గోతిలోకి నిటారుగా పడవచ్చు. ఆ గోతిలో మనిషి ఉంటే బ్రతకడం కష్టం. అందుచేత కోసేవానికి మొదటి పని కోయడం కాదు. బరువు ఎటు ఉన్నదో చూడడం. కింద నిలబడి తాడు పట్టిన సహచరుని కళ్ళే అతనికి రెండవ జత కళ్ళు.

బ్రతికి ఉన్న చెట్టుపై చేసే పని ఇంకా సున్నితమైనది. బరువైన కొమ్మను ఒక్క వేటున పైనుండి కోస్తే, అది విరుగుతూ మాను బెరడును చీల్చుకొని పోతుంది. కనుక మొదట కొంచెం దూరంలో అడుగు నుండి సగం లోపు కోత. తరువాత దానికి ఆవల పైనుండి రెండవ కోత. బరువు తొలగిన పిమ్మట మిగిలిన మోడును మొదట్లో ఉన్న ఉబ్బెత్తు వలయానికి వెలుపల మూడవ కోత. ఆ వలయాన్ని మాత్రం తాకరాదు. అమెరికా అటవీశాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో (1930–2006) వందలాది చెట్లను గొలుసు రంపంతోనే నిలువునా కోసి పరిశీలించి, దీనికి కారణం చూపాడు. చెట్టు గాయం మన గాయంవలె మానదు. చెట్టు కుళ్ళు చుట్టూ గోడ కట్టుకొని, కొత్త కొయ్యతో దానిని మూసివేస్తుంది. ఆ గోడ కట్టే శక్తి వలయంలోనే ఉన్నది. గాయానికి రంగు పూయడం వలన కుళ్ళు ఆగదని కూడా ఆయన తేల్చాడు.

ఇందుకు పెద్ద సాక్ష్యం న్యూ టౌన్ నుండి నగరాన్ని, హుగ్లీ నదిని దాటి వెళితే శిబ్‌పూర్ వృక్షోద్యానంలో కనిపిస్తుంది. అక్కడి మహావటవృక్షం వయస్సు 250 ఏళ్ళకు పైబడినది. 1864, 1867 తుపానులకు దాని పెద్ద కొమ్మలు విరిగి, గాయాల ద్వారా శిలీంధ్రం ప్రవేశించింది. చివరకు 1925లో కుళ్ళిన మూలకాండాన్ని తొలగించారు. ఊడలే స్తంభాలై మర్రి నిలిచింది. అంఫన్‌లో కొంత నష్టపోయినా నేటికీ పచ్చగా ఉన్నది. కోతే దానిని బ్రతికించింది.

ఇష్టం వచ్చినట్లు కోయడానికి చట్టమూ ఒప్పదు. మనకు 2002 నాటి వాల్టా చట్టం ఉన్నట్లే, పశ్చిమ బెంగాల్‌లో అడవులకు వెలుపలి చెట్ల రక్షణకు 2006 చట్టం ఉన్నది. అయినా అనుమతి పత్రం కోత ఎక్కడ పడాలో చెప్పలేదు. అది నేర్చిన చేతికే తెలియాలి. ఆ చేతికి శిక్షణ, కవచం, తగిన కూలి సమకూర్చడం పట్టణాల బాధ్యత.

ఏటా చైత్ర వైశాఖాలలో బెంగాల్ ఆకాశం ఒక్కసారిగా నల్లబడి కాలవైశాఖి విరుచుకుపడుతుంది. అంతకు ముందే ఎండుకొమ్మలు దించి, మీదిబరువు తగ్గించి ఉంచిన వీధిలో మరునాడు రాలిన ఆకులు తప్ప మరేమీ కనిపించవు. ఊడ్చేవారు వాటిని ఊడ్చివేస్తారు. బస్సులు యథాప్రకారం నడుస్తవి. రంపం పట్టినవాడు ఆ ఏడు పని చక్కగా చేశాడనడానికి అంతకు మించిన గుర్తు లేదు.