పాలీ మీన్స్ మెనీ

ఫ్రెషర్ల ఇంటర్వ్యూలు చేసినవాళ్ళకి ఈ జవాబు నిద్రలో కూడా వినిపిస్తుంది. "పాలీమార్ఫిజం అంటే ఏంటి?" అని అడగడం ఆలస్యం, "పాలీ మీన్స్ మెనీ, మార్ఫ్ మీన్స్ ఫామ్స్ సార్" అని ఠకీమని వచ్చేస్తుంది. ఆ తర్వాత నిశ్శబ్దం. పక్కన కూర్చున్న ప్యానెల్ ఆయన "బట్టీ బ్యాచ్" అని పెదవి విరుస్తాడు. నాకైతే కోపం రాదు. సగం దూరం వచ్చాడు కదా, మిగతా సగం ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ మిగతా సగం తెలుగులోనే ఉంది. "కొట్టు" అనే మాట తీసుకోండి. గంట కొట్టు, కొబ్బరికాయ కొట్టు, చప్పట్లు కొట్టు. పిలుపు ఒకటే. గంటయితే మోగుతుంది, కాయయితే పగులుతుంది. ఏం జరగాలన్నది ఆ వస్తువుని బట్టి ఉంటుంది, పిలిచేవాడు వేరువేరు మాటలు వెతుక్కోనక్కర్లేదు. (జేబు కొట్టడం సంగతి సెక్యూరిటీ టీమ్ వాళ్ళు చూసుకుంటారు.) క్రిస్టఫర్ స్ట్రేచీ 1967లో ఇచ్చిన లెక్చర్లలో పాలీమార్ఫిజాన్ని రెండు రకాలుగా విడదీశాడు. వాటిలో ఒకదానికి, అంటే అడ్ హాక్ రకానికి, మన "కొట్టు" దగ్గరి చుట్టమే.

ఇంతకీ పాలీ గ్రీకు సరుకు, మల్టీ లాటిన్ సరుకు. రెంటికీ అర్థం "అనేకం". ఇంగ్లీషు వాడు రెండిళ్ళ నుంచీ అప్పు తెచ్చుకున్నాడు. పాలీగాన్‌లో గాన్ అంటే కోణం. మనం బహుభుజి అన్నాం, అంటే గ్రీకులు మూలలు లెక్కపెడితే మనం భుజాలు లెక్కపెట్టాం. ఎలా లెక్కపెట్టినా అంకె ఒకటే వస్తుంది లెండి. లాటిన్‌లో భుజాల మాట కూడా ఉంది, మల్టీలాటరల్. అది ఇప్పుడు ఎక్కువగా దేశాల మధ్య ఒప్పందాల దగ్గరే వినపడుతుంది.

అలాగని పాలీ కనపడ్డ ప్రతిచోటా "అనేకం" అనుకుంటే బోల్తా పడతాం. మోనోపొలీలో ఉన్నది ఈ పాలీ కాదు, అమ్మడం అనే అర్థమున్న వేరే గ్రీకు మాట. ఒక్కడే అమ్మితే మోనోపొలీ. మెట్రోపాలిస్‌లోదీ వేరే, అది నగరం.

నా బాధల్లా తెలుగు మీడియం పిల్లల గురించి. టెంత్ లెక్కల్లో బహుపదులు చేసేస్తారు. సోషల్లో నాగార్జునసాగర్ బహుళార్థసాధక ప్రాజెక్టు అని రాసి మార్కులు తెచ్చుకుంటారు. "బహు" అంటే ఏమిటో వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంటర్‌లోనో ఇంజనీరింగ్‌లోనో పాలీనామియల్ అని బోర్డు మీద కనపడగానే అదేదో కొత్త జంతువనుకుని భయపడతారు. "ఒరే, ఇది మీ బహుపదేరా" అని లెక్చరరు ఒక్క ముక్క అంటే చాలు, అరగంట మిగులుతుంది. అనరు. క్లాసులో తెలుగు మాట వినపడితే స్టాండర్డ్ పడిపోతుందని కొన్ని కాలేజీల నమ్మకం. ఇంగ్లీషు మీడియంలో చదివినవాడికైనా పాలీ అమ్మ చెప్పిన మాటేం కాదు, వాడూ బట్టీ పట్టినవాడే. కాకపోతే వాడు కొంచెం ధైర్యంగా పడతాడు.

అన్నట్టు, ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, హాస్టల్లో హిందీ మాట్లాడే కుర్రాణ్ణి ఇంగ్లీషులో పాలీగ్లాట్ అంటారు. మన ఫీడ్‌బ్యాక్ ఫారంలో మాత్రం వాడి పేరు పక్కన "పూర్ కమ్యూనికేషన్" అని ఉంటుంది.