మంచులో పడటం నేర్చుకున్నాం!

కూరలకి వనస్థలిపురం రైతుబజార్‌కి కలిసి వెళ్ళే నేనూ, పక్కింటి వదినా మొన్న గుల్మార్గ్ వెళ్ళొచ్చామండీ! అన్నయ్యగారు పోయి ఏడాదైంది. వదిన గడప దాటడం లేదని మా పిల్లలే టికెట్లు బుక్ చేశారు.

2,650 మీటర్ల ఎత్తు, ఎటు చూసినా మంచు. స్నోబోర్డ్ అంటే రెండు కాళ్ళూ ఒకే పలకకి బిగించేస్తారు. నేర్పే అబ్బాయి ముందు చెప్పింది నిలబడటం కాదు, పడటం! అరచేయి ఆనిస్తే మణికట్టు విరగొచ్చట. పిడికిలి బిగించి ముంజేతుల మీద పడాలట.

నాలుగు అడుగులు జారగానే వదిన దబ్బున పడింది. లేపబోయి నేనూ ఆవిడ పక్కనే కూలబడ్డాను. "లేపకు, కాసేపు ఇలాగే ఉందాం" అంటూ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఏడాదైంది.

ఇంటికొచ్చాక మావారు "ఇంతకీ నిలబడ్డారా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే గోడ అవతల నుంచి వదిన, "ఒక నిమిషం నిలబడ్డాం అన్నయ్యా!"