వీపు మీద చెరువు... అనంతగిరి అడవిలో సైకిల్!

హైదరాబాద్‌లో గేర్ సైకిల్ కొన్న వాళ్లందరికీ ఏదో ఒక రోజు అనంతగిరి పిలుపు వస్తుంది. సిటీ నుంచి సుమారు 80 కిలోమీటర్లు. చేవెళ్ల దాటాక రోడ్డు పక్కన పాత మర్రిచెట్లు పలకరిస్తాయి. మన్నెగూడ దగ్గర కుడివైపు తిరిగితే వికారాబాద్, అక్కణ్నుంచి ఇంకో ఐదారు కిలోమీటర్లు వెళ్తే కొండ. చాలామంది కార్లో వచ్చి, అనంత పద్మనాభస్వామికి దండం పెట్టుకుని, నాలుగు సెల్ఫీలు దిగి వెళ్లిపోతారు. మౌంటెన్ బైక్ వాళ్లకు మాత్రం తారురోడ్డు అయిపోయిన చోటే అనంతగిరి మొదలవుతుంది.

ఎర్రమట్టి, బయటికొచ్చిన వేర్లు, చక్రం కింద జారిపోయే గులకరాళ్లు... వర్షాకాలంలో ఇదంతా పచ్చటి సొరంగంలా ఉంటుంది. అదే ఏప్రిల్‌లో వెళ్తే ఆకులన్నీ నేల మీదే, నీడ ఎక్కడా ఉండదు. విచిత్రం ఏంటంటే, మూసీ నది పుట్టింది ఈ కొండల్లోనే. కానీ గుడి దగ్గర షాపులు దాటి అడవిలోకి వెళ్లారంటే, మళ్లీ ఊరు తగిలేదాకా తాగడానికి చుక్క నీరు దొరకదు.

జోకులు ఆగిపోయాయి

పోయిన వేసవిలో ఐదుగురం వెళ్లాం. మాలో ఒకడు గ్యాప్ లేకుండా జోకులేసే టైపు. రెండు బాటిళ్లు సైకిల్‌కి బిగించుకుని వచ్చాడు. ఎండిపోయిన వాగు దాటుతుంటే ఆ కుదుపులకి ఒక బాటిల్ ఎక్కడో ఎగిరిపోయింది. రెండోది గంటలో ఖాళీ. ఆ తర్వాత కాసేపటికి వాడు మాట్లాడటం మానేశాడు. ‘ఏరా, ఓకేనా?’ అంటే తలూపాడు. ఇంకో పది నిమిషాలకు సైకిల్ దిగి, ‘తల తిరుగుతోంది’ అని కూర్చుండిపోయాడు.

ఫోన్లో సిగ్నల్ లేదు. ఒక బండరాయి నీడలోకి చేర్చి, హెల్మెట్ తీసి, మెడ మీద, తల మీద నీళ్లు పోశాం. మా బ్యాగుల్లో మిగిలిన నీళ్లలో ఓఆర్ఎస్ కలిపి గుక్క గుక్కగా తాగించాం. అరగంటకు తేరుకున్నాడు. సైకిళ్లు నడిపించుకుంటూ రోడ్డెక్కి, వాణ్ని ఆటోలో పంపించాం. ఆ రోజు మా ఇద్దరి వీపుల మీద నీళ్ల బ్యాగులు లేకపోయుంటే కథ వేరేగా ఉండేది.

సొరకాయ బుర్ర నుంచి క్యామెల్‌బ్యాక్ దాకా

నీళ్లు వెంట మోసుకెళ్లడం మనకి కొత్తేం కాదు. గొర్రెలు కాసే తాతలు ఎండిన సొరకాయ బుర్రలో నీళ్లు నింపి భుజాన తగిలించుకునేవాళ్లు. సైకిల్ మీద ఆ పని చేసింది అమెరికాలో మైకేల్ ఐడ్సన్ అనే ఆయన. 1989లో టెక్సాస్‌లో మండే ఎండలో 100 మైళ్ల రైడ్. ఆయన అంబులెన్స్‌లో పనిచేసేవాడు కాబట్టి, సెలైన్ ఎక్కించే సంచిలో నీళ్లు నింపి, పొడుగు సాక్సులో దూర్చి, వీపున కట్టుకుని ట్యూబుతో తాగుతూ తొక్కాడు. అదే తర్వాత క్యామెల్‌బ్యాక్ అయింది.

ఇందులో కిటుకు ఒక్కటే. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంటాయి. రాళ్ల దారిలో బాటిల్ కోసం చెయ్యి తీయాలంటే భయం, ఆగాలంటే బద్ధకం. అందుకే ‘తర్వాత తాగుదాంలే’ అనుకుంటాం. ట్యూబు మూతి పక్కనే ఉంటే ఆ వాయిదా ఉండదు. పైగా దాని మీద బురద, పేడ చిందవు.

ముందు దారి, తర్వాత బ్యాగ్

‘ఏ బ్రాండ్ కొనాలి బ్రో?’ అని అందరూ అడుగుతారు. అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదు. ‘మళ్లీ నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, అక్కడికి ఎంతసేపు?’ అన్నది.

మామూలుగా గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా పడుతుంది. మండే ఎండలో ఇంకా ఎక్కువ. మీ లెక్క మీకే తెలియాలంటే రైడ్‌కి ముందు, తర్వాత బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే, మీరు తాగినదానికి అదనంగా దాదాపు లీటరు చెమట పోయినట్టు.

ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు కింద సైకిల్ ట్రాక్ ఉంది కదా, అక్కడికి బాటిల్ చాలు. గంటన్నర ట్రయల్‌కి 1.5 లీటర్ల నడుము బ్యాగ్ హాయిగా ఉంటుంది, వీపుకి గాలి తగులుతుంది. అనంతగిరిలో మూడు గంటలు అంటే 2 లీటర్లు కనీసం, వేసవిలో 3. అలాగని ప్రతిసారీ 3 లీటర్లు నింపొద్దు. మూడు లీటర్లంటే మూడు కిలోలు, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ బరువంతా మీదే.

షాపులో బ్యాగ్ ఖాళీగా వేసుకుని అద్దంలో చూసుకోవద్దు. రెండు నీళ్ల బాటిళ్లు లోపల పెట్టించి, హెల్మెట్ పెట్టుకుని, సైకిల్ మీద వంగినట్టు వంగండి. బ్యాగ్ తలకి తగిలినా, పక్కకి జారినా వద్దు. ఛాతీ పట్టీ, నడుము బెల్టు రెండూ ఉండాలి. లోపలి నీళ్ల సంచికి మూతి వెడల్పుగా ఉంటే కడగడం తేలిక. ఆఫీస్ లాప్‌టాప్ బ్యాగ్‌లో సంచి దూర్చే ప్లాన్ ఉంటే మానుకోండి. దిగుడులో అది మీ నెత్తి మీదకి వస్తుంది.

వాడేటప్పుడు

నింపాక సంచిని తలకిందులు చేసి, ట్యూబులోంచి గాలి పీల్చేయండి. లోపల గుడగుడ ఆగిపోతుంది. పది, పదిహేను నిమిషాలకోసారి రెండు గుక్కలు తాగండి. తాగాక ట్యూబులోకి మెల్లగా ఊదితే నీళ్లు వెనక్కి పోతాయి, ఎండకి ట్యూబులో వేడెక్కవు.

సంచిలో ఉత్త నీళ్లే పోయండి. గ్లూకోజ్, జ్యూస్ పోస్తే లోపల బూజు పడుతుంది. ఓఆర్ఎస్‌కి విడిగా బాటిల్ పెట్టుకుని, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. గంటల తరబడి చెమట కారుస్తూ ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగినా ప్రమాదమే, ఒంట్లో సోడియం పడిపోతుంది.

ఈ బ్యాగ్‌కి ఒక లోపం ఉంది: ఎంత మిగిలిందో కనిపించదు. అందుకే ఆగిన ప్రతిచోటా జిప్ తీసి చూడండి. సగం అయిపోయే సరికి సగం దారి దాటకపోతే, వెనక్కి తిరగండి. దాహం వేసినప్పుడు బావి తవ్వలేం.

ఇంటికి రాగానే గోరువెచ్చని నీళ్లు, కాస్త వంటసోడా వేసి కడిగి, మూత తీసి ఆరబెట్టండి. పూర్తిగా ఆరకపోతే ఫ్రీజర్‌లో పడేయండి, బూజు పెరగదు.

ఇంకో మాట. అటవీ శాఖ వద్దన్న దారుల్లోకి వెళ్లొద్దు. గుడి దగ్గర కోతులుంటాయి, బ్యాగ్ కింద పెట్టొద్దు. నీళ్లు ఇంటి నుంచే వీపు మీద వస్తే, దారిలో ప్లాస్టిక్ బాటిల్ కొనే పని ఉండదు, చెట్టు కింద విసిరే పనీ ఉండదు. మూసీ సిటీకి వచ్చేసరికి ఏమవుతుందో రోజూ చూస్తున్నాం. కనీసం అది పుట్టే చోటైనా శుభ్రంగా ఉండనిద్దాం.