కదలని స్వరతంత్రి



భానూర్ ఆరాధనలో అమ్మగారి పాట ఎందుకు వినిపించడం లేదని చాలామంది అడిగారు. మేము జలుబు అని చెప్పాం. అది నిజం కాదు. క్షమించండి.

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత ఆమె గొంతు పోయింది. నోరు తెరిస్తే మాట కన్నా గాలే ఎక్కువ వచ్చేది. మంచినీళ్లు తాగినా పొలమారేది. జెకర్యాలాగే పలక మీద రాసి చూపించేది. స్వస్థత గురించి వాక్యం చెప్పే ఇంట్లోనే ఇలా జరిగిందంటే ఎవరేమనుకుంటారోనని భయపడ్డాం. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు దిగి, నిద్ర లేకుండానే ఆరాధనకు వచ్చే మీ దగ్గర కూడా దాచాం.

గొంతులో రెండు స్వరతంత్రులు ఉంటాయి. మాట్లాడేటప్పుడు అవి మధ్యలో కలుసుకొని కంపిస్తాయి. వాటిని కదిలించే నరం థైరాయిడ్ గ్రంథిని ఆనుకునే వెళ్తుంది. దానికి దెబ్బ తగిలితే ఆ వైపు తంత్రి కదలదు, మధ్యలో సందు మిగిలిపోతుంది. నరం దానంతటదే కోలుకోవచ్చని డాక్టరుగారు కొన్ని నెలలు ఆగమన్నారు. ఆగాం, ప్రార్థించాం. కోలుకోలేదు.

అప్పుడు ఆమె పొట్ట దగ్గర చర్మం కింది నుంచి కొంచెం కొవ్వు తీసి, శుభ్రం చేసి, కదలని తంత్రిలోకి సూదితో ఎక్కించారు. తంత్రి ఉబ్బి మధ్యకు జరిగింది. 1911లో బ్రూనింగ్స్ అనే జర్మనీ వైద్యుడు ఇలాగే పారఫిన్ ఎక్కించాడట. అది పరాయి పదార్థం గనుక తర్వాత కొందరికి గడ్డలు కట్టాయి. సొంత కొవ్వునైతే శరీరం పరాయిదని తోసివేయదు. కానీ కొంత కరిగిపోతుంది. అందుకే కాస్త ఎక్కువే ఎక్కిస్తారు. ఒక్కోసారి మళ్లీ చేయాల్సి రావచ్చు.

ప్రియులారా, ఆ తంత్రి ఇప్పటికీ కదలదు. అది కదలాలనే మేము ప్రార్థించాం. దేవుడు దాన్ని కాస్త దగ్గరకు జరిపాడు. బాగున్న తంత్రి వచ్చి దాన్ని కలుస్తోంది. ఆ కలయికలోనే మాట పుడుతోంది.

సంఘం కూడా అంతే కదా. పడిపోయినవారిని దూరం నుంచి లెమ్మంటే చాలదు, పక్కకు వెళ్లాలి. మీరు వచ్చేవారే. మా బాధ దాచి, మేమే మిమ్మల్ని దూరంగా ఉంచాం.

వచ్చే ఆదివారం అమ్మగారు ఒక్క చరణం పాడుతుంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. పల్లవి మీరందుకోండి.

ప్రభువు మనందరినీ దీవించును గాక. ఆమెన్.