కొండ దగ్గర మన వంతు

ఏ కొండకో కోనకో వెళ్దామని ఇంట్లో అనుకోగానే ఈ రోజుల్లో ముందు వచ్చే ప్రశ్న ఒకటే: బండి పెట్టుకోవడానికి చోటు దొరుకుతుందా? దారి ఎలా ఉంటుంది, చలి ఎంత, తాగడానికి నీళ్లుంటాయా అన్నవన్నీ ఆ తర్వాత. చలికాలంలో శని, ఆదివారాలు మన్యంలోని లంబసింగికో వంజంగికో వెళ్లొచ్చినవాళ్లకు ఈ బెంగ ఎందుకో వివరించనక్కర్లేదు. మేఘాల మీద సూర్యోదయం చూద్దామని నడిరాత్రి బయల్దేరినవాళ్లలో కొందరికి పొద్దు పొడిచేవేళ కళ్ల ముందు కనిపించేది ముందు కారు వెనక దీపాలే. ఇరుకు రోడ్డు మీద ఒక్కరు తొందరపడి ఎదురు వరసలోకి దూరితే చాలు, పైకి పోయేవి, కిందికి వచ్చేవి అన్నీ ఆగిపోతాయి. మనకు అది విహారానికి పోయే దారి. చుట్టుపక్కల గూడేలవాళ్లకు సంతకు, బడికి, ఆస్పత్రికి ఉన్న దారి కూడా అదే. పురిటి నొప్పులతో ఉన్న మనిషి కోసం 108 బండి రావాలన్నా ఆ కార్ల మధ్య నుంచే రావాలి.

ఈ బాధకు అందరి నోటా వినిపించే మందు ఒకటే. రోడ్డు వెడల్పు చేయండి, పార్కింగ్ పెంచండి అంటారు. ఆ మందు పని చేయదని నా నమ్మకం. రోడ్డు వెడల్పు కావాలంటే కొండను తొలవాలి, చెట్లు కొట్టాలి. పార్కింగ్ పెరగాలంటే ఏ కాఫీ తోట అంచునో, ఏ మిరియాల పాదుల పక్కనో నేల చదును చేయాలి. అంత చేసినా వచ్చే ఏడాదికి ఆ చోటూ నిండుతుంది. చోటు ఉందని తెలిస్తే ఇంకో నాలుగు కార్లు బయల్దేరతాయి కదా. చూడ్డానికి వచ్చిన పచ్చదనాన్నే కాస్త కాస్తగా కార్ల కింద పరిచి, ఇరుకు తగ్గలేదని మళ్లీ విసుక్కుంటాం.

ఈ చిక్కుముడి విప్పడానికి గట్టిగా ప్రయత్నించిన చోటు ఒకటుంది. అమెరికాలో యూటా రాష్ట్రంలోని జయాన్ నేషనల్ పార్క్. అక్కడున్న మన తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన చోటే. లాస్ వేగాస్ నుంచి కారులో మూడు గంటల్లో చేరిపోవచ్చు కాబట్టి, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే చాలామంది అటు తిప్పి తీసుకొస్తారు. 1919లో నేషనల్ పార్క్ అయిన ఈ చోటు విస్తీర్ణం దాదాపు 1,47,000 ఎకరాలు. కానీ వచ్చినవాళ్లలో ఎక్కువమంది చూసేది వర్జిన్ నది కోసుకుంటూ పోయిన ఒక్క లోయనే. రెండు పక్కలా ఎర్రటి ఇసుకరాతి గోడలు నిలువునా లేచి ఉంటాయి. మధ్యలో నది, నది పక్కన పది కిలోమీటర్లకు కాస్త తక్కువగా ఒక రోడ్డు. ఆ రోడ్డు చివర టెంపుల్ ఆఫ్ సినవావా అనే చోట ఆగిపోతుంది, అవతలికి దారి లేదు. వెళ్లిన బండి వెళ్లిన దారినే తిరిగి రావాలి.

మన ఘాట్లకు ఉన్న చిక్కే దానికీ ఉండేది. 1997 నాటికే ఏడాదికి 24 లక్షల మంది వస్తుండేవారు. లోయలో కార్లు నిలిపే జాగాలు వందల్లో, రద్దీ రోజుల్లో వచ్చే కార్లు వేలల్లో. చోటు దొరకనివాళ్లు రోడ్డు అంచున, మొక్కల మీద, ఎక్కడ సందు ఉంటే అక్కడ బండి ఎక్కించేసేవాళ్లు. చక్రాలు నాలుగుసార్లు తొక్కిన నేల గట్టిపడిపోతుంది, వాన నీరు ఇంకదు, ఆ తర్వాత అక్కడ గడ్డి కూడా మొలవదు. ఎడారి నేలలో అలా పోయిన పచ్చదనం తొందరగా తిరిగి రాదు.

2000వ సంవత్సరంలో పార్కు వాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు. పార్కింగ్ పెంచలేదు, లోయలోకి కార్లు రాకుండా ఆపేశారు. సీజన్‌లో షటిల్ బస్సులు తిరిగే రోజుల్లో, లోపలున్న లాడ్జిలో దిగేవాళ్లవి తప్ప, సొంత బండ్లు ఆ రోడ్డెక్కడానికి వీల్లేదు. గేటు బయట స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊరుంది. ఆ ఊళ్లో ఒక బస్సు తిరుగుతుంది, పార్కులో ఇంకో బస్సు తిరుగుతుంది. హోటల్ దగ్గరే కారు వదిలేసి ఊరి బస్సెక్కితే అది గేటు దాకా తెస్తుంది, అక్కడ నడిచి లోపలికి వెళ్లి పార్కు బస్సెక్కడమే. బస్సుకు వేరే టికెట్ లేదు.

ఆ బస్సులో కూర్చుంటే తెలుస్తుంది దాని సుఖం. పెద్ద పెద్ద కిటికీలు, తల పైకెత్తితే గోడ చివరి దాకా కనిపించే రాళ్లు. స్టాపు రాగానే ఏ బాట ఎక్కడికి పోతుందో, ఎంత కష్టమో చెబుతారు. నదిలో నడిచి వచ్చిన కుర్రాళ్లు మోకాళ్ల దాకా తడిసి, చేతిలో పొడుగాటి కర్రలతో ఎక్కుతారు. వాళ్ల పక్కనే చీర మీద స్వెట్టరు, కాళ్లకు స్పోర్ట్స్ షూ వేసుకున్న మన పెద్దావిడ, ఒళ్లో పులిహోర డబ్బాతో. ఏ స్టాపులో దిగినా మళ్లీ ఇంకో బస్సు వస్తుందన్న ధీమా ఉంటుంది కాబట్టి ఎవరి ముఖంలోనూ హడావుడి కనిపించదు. కారు నడిపే పని లేని కొడుకు కూడా ఆ రోజు కొండలు చూస్తాడు. దిగి నాలుగడుగులు వేస్తే నది చప్పుడు వినిపిస్తుంది. ఇంజిన్ల మోత మధ్య ఆ చప్పుడు ఎవరికి వినపడుతుంది? ఇప్పుడు ఆ బస్సులు కూడా ఎలక్ట్రిక్‌వి, ఉన్న కాస్త మోతా పోయింది.

అక్కడితో కథ ముగిస్తే సగమే చెప్పినట్టు. మిగతా సగంలోనే మనం నేర్చుకోవలసింది ఎక్కువుంది. కార్ల బెడద తీరింది గానీ జనం తగ్గలేదు, పెరిగారు. 2021లో జయాన్‌కు వచ్చినవాళ్లు 50 లక్షలు దాటారు. అంతకుముందు పార్కింగ్ దొరక్క కొందరు వెనక్కి తిరిగేవాళ్లు. ఎవరూ రాయకపోయినా, ఎవరికీ నచ్చకపోయినా, ఆ ఇరుకే ఒక హద్దుగా పనిచేసేది. బస్సు వచ్చాక ఆ హద్దు పోయింది. రద్దీ రోడ్డు దిగి కాలిబాట ఎక్కింది. సెలవు రోజుల్లో బస్సు కోసమే బారులు తీరారు.

ఏంజెల్స్ లాండింగ్ అని అక్కడొక శిఖరం ఉంది. చివరి మెట్టంతా ఇరుకైన రాతి వెన్ను, రెండు పక్కలా లోతు, పట్టుకోవడానికి గొలుసులు. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు అదే గొలుసు పట్టుకోవాలి. జనం పెరిగేసరికి ఆ కొన మీద ఒకరినొకరు దాటుకోవడం ప్రాణాల మీదకు వచ్చే పని అయింది. అందుకే 2022 ఏప్రిల్ నుంచి ఆ మెట్టుకు పర్మిట్ పెట్టారు. ముందుగా లాటరీలో పేరు రావాలి, వచ్చిన రోజున, వచ్చిన వేళకే ఎక్కాలి.

కార్లను లెక్కపెట్టడం సులువు, అందుకే అధికారులైనా మనమైనా ఎప్పుడూ కార్ల గురించే మాట్లాడతాం. కొండ మోసేది కార్లనే కాదు, మనుషుల్ని కూడా. ఒక బాట మీద ఒక పూట ఎంతమంది నడిస్తే దాని పక్కనున్న మొక్క బతుకుతుంది, ఎంతమంది నిలబడితే శిఖరం మీద తోపులాట లేకుండా ఉంటుంది అన్న లెక్క ముందు తేలాలి. పార్కింగ్ ఎంత ఉండాలో ఆ లెక్కే చెబుతుంది. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. ముందు ఎంత చోటు చదును చేయగలమో చూస్తాం, తర్వాత ఎంతమంది వస్తే అంతమందినీ పైకి వదులుతాం.

ఇలా లెక్క కట్టి వంతులు పెడితే మనవాళ్లు వింటారా అని అడిగేవాళ్లున్నారు. వింటారు. ఇప్పటికే వింటున్నారు. తిరుమలకు పాత ఘాట్ దిగడానికి, కొత్త ఘాట్ ఎక్కడానికి అని విడదీస్తే ఎవరూ కాదనలేదు. టోల్‌గేటు దగ్గర టైము వేసి, మరీ ముందుగా చేరితే జరిమానా వేస్తామంటే వేగం తగ్గించుకున్నాం. కొండ మీద ఉచిత బస్సులెక్కి తిరుగుతాం. దర్శనానికి టోకెన్ మీద ఏ వేళ రాసి ఉంటే ఆ వేళకే వెళ్తాం. శ్రీశైలం పోయే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు పడుతుంది, నల్లమలలో పులులు తిరిగే వేళ అని తెల్లారేదాకా ఆగుతాం. పెళ్లిలో మొదటి బంతి నిండితే రెండో బంతికి కూర్చుంటామే గానీ, తినేవాళ్ల విస్తళ్ల మధ్య ఇరుక్కుని కూర్చోం. దేవుడి దగ్గర, విందు దగ్గర ఉన్న ఈ ఓర్పు కొండ దగ్గర మాత్రం ఎందుకు ఉండకూడదు?

వంతులు పెడితే బీదవాడికి అన్యాయం జరగదా అన్న ప్రశ్న నిజమైనది, దాన్ని పక్కన పెట్టకూడదు. టికెట్లన్నీ ఫోన్‌లోనే అంటే, నెట్ ఉన్నవాడు నెల ముందే కొనేస్తాడు, కూలి మాని ఒక్కరోజు పిల్లల్ని తీసుకొచ్చినవాడు గేటు దగ్గర నిలబడిపోతాడు. అందుకే కొన్ని టికెట్లు కౌంటర్ దగ్గర, అప్పటికప్పుడు ఇచ్చేలా ఉంచాలి. తిరుపతిలో సర్వదర్శనం టోకెన్లు కౌంటర్లలోనే ఇస్తున్నారు కదా. ఇంకో మాట కూడా ఉంది. ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో సొంత కారు ఉన్నవాడిదే రాజ్యం. కారు లేనివాడు ఆ కొండ దాకా రావడమే గగనం. బస్సు వేస్తే అందరూ ఒకే మెట్టు ఎక్కి ఒకే కిటికీ దగ్గర కూర్చుంటారు. అరకుకు రైలు ఉంది కాబట్టే కారు లేని కుటుంబాలు కూడా యాభైకి పైగా సొరంగాలు దాటి, లోయలు చూసుకుంటూ పిల్లలతో వెళ్లి రాగలుగుతున్నాయి.

వంజంగికి నేను కోరుకునేది ఇదే. పర్యాటకుల కార్లు, బైకులు దగ్గర్లోని పాడేరులోనే ఆగాలి. అక్కడి నుంచి కొండ మొదలు దాకా ఆర్టీసీ బస్సులు, అవి చాలకపోతే ఆ ఊళ్ల గిరిజన యువకులు నడిపే జీపులు తిరగాలి. అప్పుడు జీపుకు ఇచ్చే డబ్బు, దారిలో కాఫీకి ఇచ్చే డబ్బు కొండ కిందే ఉండిపోతుంది. కారులో వచ్చి, కారులోనే తిని, ఖాళీ సీసాలు వదిలి వెళ్లేవాళ్ల వల్ల ఆ ఊరికి మిగిలేది చెత్తే. ఒక తెల్లవారుజాము శిఖరం మీదకు ఎంతమందిని పంపాలన్నది అటవీ శాఖ, ఆ పంచాయతీ కలిసి కూర్చుని తేల్చాలి, తేల్చిన లెక్క పండగ రోజైనా మారకూడదు. ఆ రోజు వంతు రానివాళ్లకు చుట్టుపక్కల ఇంకేం చూడవచ్చో, మళ్లీ ఏ రోజు ఖాళీ ఉందో మర్యాదగా చెప్పే మనిషి పాడేరులో ఉండాలి. 108 బండికి మాత్రం ఏ రోజైనా దారి ఖాళీగా ఉండాలి.

వీటిలో కొత్తగా కనిపెట్టవలసింది ఏదీ లేదు. బస్సులున్నాయి, జీపులున్నాయి, టోకెన్ పద్ధతి మనకు చేతనయిందే. కావలసింది మొదటి సీజన్‌లో వచ్చే తిట్లు భరించగల అధికారి, కారు కిందే వదలడానికి ఒప్పుకునే మనం. వంజంగి కొండ మన ఇంటి గేటు దాకా వచ్చి ఆహ్వానించలేదు. మనమే దాని ఇంటికి వెళ్తున్నాం. వెళ్లేటప్పుడు ఇంటివాళ్ల వీలు కనుక్కుని వెళ్లడం మన పెద్దలు నేర్పిన మర్యాదే, ఈ చలికాలం నుంచే దాన్ని పాటించడం మొదలుపెడదాం.