ఇల్లు చూడటానికి వచ్చేవారు

ఇల్లు కట్టడం గురించీ, కొనడం గురించీ మన కుటుంబాల్లో సలహాలు చెప్పేవారికి కొదవ లేదు. అమ్మడం గురించి మాత్రం పెద్దలు నోరు విప్పరు. అమ్మకం అనగానే ఆ ఇంటికి ఏదో కష్టం వచ్చిందని అర్థం తీయడం మనకు అలవాటు. తండ్రి చెమటోడ్చి కట్టిన ఇల్లయితే ఆ మౌనం మరింత బరువెక్కుతుంది. కాని వారసుల హక్కులు ఇటుకల్లో చిక్కుకుని ఉన్నప్పుడు, ఎవరి వాటా వారి చేతికి అందాలంటే ఒక్కొక్కసారి అమ్మకం తప్ప దారి ఉండదు. మా ఇంట జరిగింది అదే.

అబ్బాజాన్ నల్గొండ జిల్లా నుంచి 1970ల చివరలో కంచన్‌బాగ్‌కు వచ్చారు. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్రధాతు నిగమ్, వాటి చుట్టూ రక్షణ పరిశోధనశాలలు ఏర్పడడంతో జిల్లాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఇటు చేరిన కాలమది. వీధిలో ఉర్దూ, వంటింట్లో తెలుగు మాట్లాడే మాలాంటి ముస్లిం కుటుంబాలు వాటిలో కొన్ని. హాఫిజ్ బాబానగర్ వైపున్న ఒక గల్లీలో అబ్బాజాన్ నూట ఇరవై గజాల స్థలం కొని, ముందు రెండు గదులు, తరువాత పై అంతస్తు వేశారు. 2022లో ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అమ్మీకి చెల్లించవలసిన మహర్ ఎప్పుడో చెల్లించారు, అప్పులు లేవు. మిగిలింది ఇల్లొక్కటే.

వాటాల లెక్క కష్టమైనది కాదు. ఆస్తిని నలభై ఎనిమిది భాగాలు చేస్తే భార్యకు ఎనిమిదో వంతు, అంటే ఆరు. మిగిలిన నలభై రెండులో అన్నయ్యకూ నాకూ పద్నాలుగేసి, ఇద్దరు ఆపాలకూ ఏడేసి. లెక్క కాగితం మీద పది నిమిషాల్లో తేలింది. పెద్ద ఆపా భర్తను కోల్పోయి నల్గొండలో అద్దె ఇంట్లో ఉంటున్నారు. ఆమె ఏడు భాగాలూ మా గోడల్లో ఉన్నాయి. ప్రతి నెలా ఆమె చెల్లించే అద్దె గుర్తుకు వచ్చినప్పుడల్లా మా కంచంలోని అన్నం మాకు బరువుగా ఉండేది.

2023 రంజాన్ పండుగ అయిన వారానికి ఒక ఏజెంటుకు పని అప్పగించాము. ఐదుగురు బ్రోకర్లకు చెబుదామన్నది అన్నయ్య అభిప్రాయం. ఒకే ఇల్లు ఐదుగురి నోట ఐదు ధరలతో తిరిగితే, అమ్ముడుపోక మిగిలిన సరుకులా కనిపిస్తుందని నేను ఒప్పుకోలేదు. ఒక్కరికే, తొంభై రోజుల గడువుతో, కమీషన్ ఎంతో ఎప్పుడివ్వాలో ముందే కాగితం మీద రాసుకుని అప్పగించాము. అయినా మొదటి రెండు నెలల్లో ఇల్లు చూడటానికి వచ్చినవి ఐదే కుటుంబాలు. అందులో రెండు గుమ్మం దగ్గరి నుంచే తిరిగిపోయాయి.

కారణం అందరికీ తెలిసిందే. 2020 అక్టోబరు వర్షాలకు బాలాపూర్‌లోని గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు హాఫిజ్ బాబానగర్ ప్రాంతమంతా నీట మునిగింది. మా కింది గదుల్లోకి మోకాలి లోతు నీరు వచ్చింది. ఆ గీత గోడ మీద అలాగే ఉంది. ఏజెంటు దాన్ని వేలితో చూపి, “భాయ్, అడుగున మూడడుగులు పుట్టీ పెట్టించి రంగు వేయించండి. అడిగితే మన గల్లీకి నీళ్లు రాలేదని నేను చూసుకుంటాను” అన్నాడు. ఇంకా రెండు ఉపాయాలు చెప్పాడు. తనకు తెలిసిన ఇద్దరిని కొనేవారిలా పంపి ధర పెంచి మాట్లాడిస్తాడట. సొమ్ములో సగం నగదుగా తీసుకుంటే గిరాకీ పెరుగుతుందట. వ్యాపారంలో ఇవన్నీ మామూలేనని అతని ధైర్యం.

అమ్మీ తలుపు చాటు నుంచి వింటున్నారు. ఆమె చదువుకున్నది తక్కువే గాని, మదీనా బజారులో ధాన్యపు రాశిలోకి దైవప్రవక్త (స) చేయి పెట్టి చూసిన వృత్తాంతం ఆమెకు తెలుసు. పైన పొడి గింజలు, లోపల తడి. ఆ తడిని జనానికి కనిపించేలా పైనే ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి ఆయన నిలదీశారు. “మన తడి గోడ మీదే ఉంది కదా, దాన్ని లోపలికి నెట్టడమెందుకు?” అన్నారు అమ్మీ. కొనే ఉద్దేశం లేనివాడు ధర పెంచి పాడటాన్ని కూడా ప్రవక్త (స) నిషేధించారు. దేశ చట్టం చెప్పేదీ వేరు కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనుక్కోలేని ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే చెప్పి తీరాలి. ఇక నగదు మాటకొస్తే, స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు, అంతకు మించిన సొమ్మును నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచి అనుమతించడం లేదు.

ధర్మం సంగతి అలా ఉంచి, ఏజెంటు ఉపాయం వ్యాపారంగానైనా పనికొచ్చేది కాదని నా అభిప్రాయం. మా వైపు ఇల్లు వెతికేవాడు ముందు మూలమీది పాన్ డబ్బా దగ్గర ఆగి, “ఇక్కడికి నీళ్లొచ్చాయా?” అని అడిగి, ఆ తరువాతే ఏజెంటుకు ఫోన్ చేస్తాడు. పాన్ డబ్బా వద్ద ఒక మాట, ఫోన్‌లో మరొక మాట వినిపిస్తే అతను రాడు. రాకపోవడానికి కారణం నీళ్లు కాదు, రెండు మాటలు. అందుకని గోడ మీది గీతను ఫొటో తీసి ఏజెంటు చేతికిచ్చాము. 2020లో ఇంత ఎత్తు వచ్చింది, తరువాత గుమ్మం ఎత్తు పెంచాము, సంపు మూత పైకి లేపాము, కరెంటు మీటరు పైకి మార్చాము అని దాని కింద రాశాము. ఆ జూలైలో నగరంలో భారీ వర్షాలు కురిశాయి. వాన పడుతున్న రోజే మనుషులను తీసుకురమ్మని ఏజెంటుకు చెప్పాము. నాకు మతి చలించిందనుకున్నాడేమో, చాలాసేపు ఫోన్‌లో మాట్లాడలేదు. ఆ వానలో ముగ్గురు వచ్చారు. వీధిలో చీలమండ లోతు నీరు నిలిచింది, గుమ్మం దాటలేదు. వాళ్లు తమ కళ్లతోనే చూశారు.

ఫొటోలు కూడా మార్చాము. ఏజెంటు తీసినవి నాలుగే. వాటిలో ఒకటి మా గేటుకన్నా ఎవరిదో మోటారు సైకిలును బాగా చూపేది. ఉదయపు వెలుగులో గదులు, మిద్దె, సంపు, బోరు, మంజీరా నల్లా, వీధిలో ఆటో సులువుగా తిరుగుతున్న దృశ్యం తీశాము. మనవాళ్లు తప్పక అడిగే సంగతి మరొకటి ఉంది, మరుగుదొడ్డి ఖిబ్లా వైపు ఉందా లేదా అని. దాన్నీ చిన్న నక్షా గీసి చూపాము. ఇంటి ఆడవారు ఒక్క చిత్రంలోనూ లేకుండా చూసుకున్నాము. ఈ ఫొటోలు జెద్దాలో ఉన్న ఒకరిద్దరికి చేరి, అక్కడ సెలవు దినమైన శుక్రవారం వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపమన్నారు. సౌదీ కాలమానం మనకు రెండున్నర గంటలు వెనుక. వారి మధ్యాహ్నం మనకు సాయంత్రం కనుక ఇబ్బంది కలగలేదు.

పరదా విషయంలో ఏజెంటుకు మొదట అసహనం ఉండేది. ఎప్పుడంటే అప్పుడు తలుపు తీస్తేనే మనుషులు వస్తారన్నాడు. అమ్మీ ఆ ఇంట్లోనే ఉంటున్నారు. సొంత ఇంట్లో ఆమె రోజంతా ముసుగు సర్దుకుంటూ కూర్చోవడం మాకు సమ్మతం కాదు. అస్ర్ నుంచి మగ్రిబ్ వరకు, వారంలో నాలుగు రోజులు, ముందుగా ఫోన్ చేసి రావాలని నిర్ణయించాము. వచ్చిన కుటుంబంలోని స్త్రీలు అమ్మీతో కలిసి ముందు లోపలి గదులు చూస్తారు, తరువాత పురుషులు. ఫలితం అతను అనుకున్నదానికి భిన్నంగా వచ్చింది. వేళ ఖాయమవడంతో ఒక్క సాయంత్రమే రెండు మూడు కుటుంబాలను వెంటబెట్టుకు రాగలిగాడు. పైగా ఇల్లు నచ్చిందో లేదో తేల్చేది స్త్రీలే. ఏజెంటు వంద మాటలు చెప్పినా తేలనిది, వంటింట్లో అమ్మీతో పావుగంట మాట్లాడితే తేలిపోయేది.

అన్నిటికన్నా ఎక్కువమందిని వెనక్కి నెట్టినది మరొకటి. దాన్ని మేము ఊహించలేదు. వారసుల ఇల్లు అనగానే కొనేవాడి మొదటి ప్రశ్న, “అక్కాచెల్లెళ్లు సంతకం పెడతారా?” అని. అడగడంలో న్యాయముంది. ఆడపిల్లల వాటాను “వాళ్లే వదులుకున్నారు” అన్న మాటతో మింగేసిన ఇళ్లు మనలో తక్కువేమీ కావు. అన్నదమ్ముల మొహమాటం కోసం వదులుకోవడానికీ, మనసారా వదులుకోవడానికీ మధ్య ఎంత దూరముందో ఆ అక్కాచెల్లెళ్లను అడగాలి. ఏళ్ల తరువాత వారి పిల్లలు కోర్టుకెక్కితే నష్టపోయేది కొన్నవాడే. అందుకని రిజిస్టరు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఆస్తి పన్ను రసీదులు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వీటి నకళ్లతోపాటు, అమ్మకానికి ఐదుగురమూ ఒప్పుకుంటున్నామనీ, ఎవరి వాటా సొమ్ము వారి బ్యాంకు ఖాతాకే చేరాలనీ సంతకాలు చేసిన కాగితం ఒకటి జతచేశాము. పాతబస్తీలో ఎన్నో ఇళ్లు నోటరీ కాగితాల మీదే చేతులు మారాయి. వాటికి బ్యాంకులు అప్పివ్వడానికి వెనుకాడతాయి. ఇక్కడ దస్తావేజు రిజిస్టరైనదనీ, సొమ్ము మొత్తం బ్యాంకు ద్వారానేననీ తెలిశాక, అప్పటిదాకా అటు చూడని జీతగాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు.

పొరుగువారికి ముందే చెప్పాము. హనఫీ ధర్మశాస్త్రంలో పక్కింటివారికి షుఫా హక్కు ఉంది కనుక ముందు వారిని అడగడం మర్యాద. పక్కింటి చాచాకు అవసరం లేకపోయినా, ఆయన నోటి ద్వారా నలుగురు వచ్చారు. మసీదు లోపల క్రయవిక్రయాలు తగవు కనుక, ఇమామ్ సాహెబ్ అనుమతితో గేటు బయటి పలక మీద చీటీ అంటించాము.

ఇవన్నీ చెప్పి ధర సంగతి దాచడం సబబు కాదు. నిజానికి అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది అదేనేమో. మొదట మేము చెప్పిన ధర గల్లీలో వినిపించే ధర. వీధిలో వినిపించే ధరకూ చేతులు మారిన ధరకూ చాలా తేడా ఉంటుంది. ఇటీవల అమ్ముడైన రెండు ఇళ్లవారిని కలిసి అసలు సంగతి తెలుసుకున్నాము. కొనేవాడికి రిజిస్ట్రేషన్ ఖర్చులే ఏడున్నర శాతం అవుతాయని లెక్కలోకి తీసుకుని, ఎనిమిది శాతం తగ్గించాము. అన్నయ్యకు నచ్చలేదు. తగ్గిన సొమ్ములో తన పద్నాలుగు భాగాల నష్టం ఎంతో ఆయన వేసి చూపాడు. పెద్ద ఆపా ఏమీ అనకుండా, తాను ఇంకో ఏడాది కట్టవలసిన అద్దె ఎంతో వేసి పక్కన పెట్టారు. ఆ రెండు కాగితాలూ చూశాక అన్నయ్య మళ్లీ మాట్లాడలేదు.

ఆ తరువాతి ఆరు వారాల్లో పందొమ్మిది కుటుంబాలు వచ్చాయి. వానలో వచ్చిన ముగ్గురిలో ఒకరు కొన్నారు. పక్కింటి చాచా బంధువులు కారు, ఏజెంటు తెచ్చినవారే. అతని కమీషన్ రిజిస్ట్రేషన్ నాడే చెల్లించాము. ఆపాల పేర్లతో వేర్వేరుగా రెండు బ్యాంకు డ్రాఫ్టులు వచ్చాయి. పెద్ద ఆపా తన డ్రాఫ్టును అక్కడికక్కడే రెండుసార్లు చదివి, మడతపెట్టి బుర్ఖా లోపలి సంచిలో దాచుకున్నారు. అమ్మీ ఇప్పుడు మాతో ఉంటున్నారు.

ఆపా నల్గొండలో చిన్న ఇల్లు వెతుకుతున్నారు. మొన్న ఫోన్ చేస్తే, ఏజెంటు చూపిన ఇంటికి ఇంకా వెళ్లలేదనీ, ముందు ఆ వీధి మూలన కిరాణా కొట్టుకు వెళ్లి వానాకాలం సంగతి అడిగి వచ్చాననీ చెప్పారు.